వీధిలోని విగ్రహములు, మన బాధ్యత

పట్టణపు నడివీధిలో ఎత్తైన దిమ్మెమీద ఒకరి విగ్రహము నిలిపితిమంటే, "ఇతనిని గౌరవించుడి" అని దారిన పోయేవారందరికీ చెప్పినట్లే. కనుక అతడు ఏమి చేసెనో అడిగే హక్కు ఆ దారిన నడిచేవారికి ఉన్నది.

మైలార్‌దేవ్‌పల్లి నుండి పట్నము వెళ్లే మన సంఘస్థులకు కోఠి బాగుగా తెలిసిన చోటు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ అనుచరులతో అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేసిరి. దాడి విఫలమైనది. తుర్రేబాజ్ ఖాన్ 1859లో తూప్రాన్ వద్ద చంపబడెను. మౌల్వీగారు అండమాను చెరలో కన్నుమూసిరి. నేడు కోఠిలో 1857 వీరులకు స్మారకమున్నది. రెసిడెన్సీ భవనమును ఎవరూ కూల్చలేదు. అది ఆడపిల్లల కళాశాల అయినది.

అదే 1857లో మద్రాసు సేనకు చెందిన జేమ్స్ నీల్ దొర ఉత్తరదేశమునకు వెళ్లెను. కాన్పూరులో ఇంగ్లీషు స్త్రీలు, పిల్లలు చంపబడిన మాట నిజమే, అది ఘోరమే. అయితే నీల్ అలహాబాదు ప్రాంతములో విచారణ లేకుండ అనేకులను ఉరితీయించెను. కాన్పూరులో, ఉరితీయబోయే వారిచేత నేలమీది రక్తమును నాకించెను. ఆ సెప్టెంబరులోనే లక్నోలో మరణించెను. అట్టివానికి మద్రాసు మౌంటు రోడ్డులో విగ్రహము లేచినది.

అప్పుడు మద్రాసు మన తెలుగు జిల్లాలకు కూడా రాజధాని. 1927లో ఆ విగ్రహమును తొలగించుమని సత్యాగ్రహము జరిగినది; వాలంటీర్లు చెరసాలకు పోయిరి. గాంధీగారు వారిని సమర్థించుచు, అహింస తప్పవద్దని హెచ్చరించిరి. పది సంవత్సరములు గడిచినవి. 1937లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము విగ్రహమును మ్యూజియమునకు తరలించినది. ఆ మంత్రివర్గములో మన టంగుటూరి ప్రకాశముగారు రెవెన్యూ మంత్రి. విగ్రహము పగులలేదు, చరిత్ర చెరగలేదు. నడివీధిలోని గౌరవము మాత్రము పోయినది.

దొరలందరి విగ్రహములు తీసివేయవలెనా? ధవళేశ్వరము వెళ్లి చూడుడి. కాటన్ దొర కూడా మద్రాసు సేనలోని ఇంజనీరే, కంపెనీ ఉద్యోగియే. అయితే 1847లో మొదలుపెట్టి 1852 నాటికి గోదావరికి ఆనకట్ట కట్టి, కరవుతో అలమటించిన జిల్లాలకు అన్నము పెట్టెను. ఆయన విగ్రహములకు నేటికీ రైతులు దండలు వేయుచున్నారు. హైదరాబాదు టాంక్‌బండు మీద కూడా 1980లలో ఆయన విగ్రహము నిలిపిరి. చర్మపు రంగునుబట్టి తీర్పు తీర్చుట దొరల తప్పు. ఆ తప్పు మనము చేయరాదు.

ఇతర దేశములకూ ఈ ప్రశ్న వచ్చినది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌను విశ్వవిద్యాలయము 2015లో సిసిల్ రోడ్స్ విగ్రహమును తీసివేసినది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బానిసల వర్తకుడు కోల్‌స్టన్ విగ్రహమును తొలగించుమని ఎన్నో ఏండ్లు అడిగిరి. పెద్దలు తేల్చలేదు. 2020లో జనులు దానిని పడద్రోసి రేవులో వేసిరి. ఇప్పుడది మ్యూజియములో ఉన్నది. చేరవలసిన చోటికే చేరినది గాని, సకాలమున విన్న పెద్దలుంటే అలజడి లేకుండ చేరియుండేది.

శతాబ్ది జరుపుకొను మనకు ఇందులో పాఠమున్నది. మన పాత దేవాలయముల గోడలమీద కూడా దొరల పేర్ల పలకలున్నవి. ఇటుకలు మోసిన కూలీల పేర్లు, ఊరూరా వాక్యము చెప్పిన బైబిలు స్త్రీల పేర్లు చాలాచోట్ల లేవు. ఉన్న పలకలను చదివి, వారెవరో పిల్లలకు నిజము చెప్పుదము. లేని పేర్లను, ఎరిగిన వృద్ధులు మనతో ఉండగానే అడిగి వ్రాసికొందము.