35 మార్కుల ఇంగ్లీషు (మన బడి చరిత్ర – 6వ భాగం)



"తెలుగులో పీహెచ్‌డీ చేసి ఇంగ్లీషుని వెనకేసుకొస్తారేంటి మేడమ్?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది పిల్లలు కాన్వెంట్లలోనే చదువుతారు. సరే, దానికి జవాబు చాలాసార్లు చెప్పాను. ఈసారి వేరే సంగతి. మన పిల్లలకి ఇంగ్లీషు కావాలా వద్దా అని కొట్టుకుంటున్నాం గానీ, హైస్కూల్లో ఇంగ్లీషు పేరుతో వాళ్లకి ఏం నేర్పుతున్నారు, పరీక్షలో ఏం అడుగుతున్నారు అన్నది ఎవరూ చూడరు.

అందరికీ మెకాలే 1835 గుర్తుంటుంది. నేను 1844 కూడా గుర్తుపెట్టుకోమంటాను. ఆ ఏడాది గవర్నర్ జనరల్ హార్డింజ్, సర్కారు కొలువుల్లో ఇంగ్లీషు చదువు చదివినవాళ్లకే ముందు చోటు అని తీర్మానించాడు. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. దాని మెట్రిక్యులేషన్‌లో ఇంగ్లీషు తప్పనిసరి. అంటే బడిలోకి ఇంగ్లీషు భాషగా కంటే ముందు గేటుగా వచ్చింది. పైవాళ్లకి చదువు చెబితే అదే మెల్లగా కిందికి దిగుతుందన్నారు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతీరావు ఫూలే నిలదీసింది దీన్నే. పన్ను కట్టేది కష్టజీవులు, చదువుకునేది పై కులాలవాళ్లు, ఇదేం న్యాయం అన్నాడు. ఆ దిగడం ఇంకా మా పేట దాకా రాలేదు.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో బాబాసాహెబ్‌ని సంస్కృతం తీసుకోనివ్వలేదు. పర్షియన్ చదివి 1907లో మెట్రిక్ పాసయ్యాడు. ఏ భాష ఎవరికి అన్నది బడి కులం చూసే తేల్చింది. (మాతృభాష ఘనత గురించి మాకు పాఠం చెప్పేవాళ్లు ఈ ముక్క కూడా చెబితే బాగుంటుంది.)

అదే 1907లో మన ఉత్తరకోస్తాకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా యేట్స్ అనే దొర వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి, ఎందుకిలా అని అడిగాడు. గిడుగు, గురజాడ, శ్రీనివాస అయ్యంగార్లు ఆ ప్రశ్నని పట్టుకున్నారు. నోటి భాషని పరీక్ష కాగితం మీద రాయొచ్చా లేదా అన్న దగ్గరే ఆ యుద్ధం ముదిరింది. ఇది నేను ఏటా క్లాసులో చెప్పే పాఠం. చెప్పిన ప్రతిసారీ నాకు ఇంగ్లీషు పేపరే గుర్తొస్తుంది. తెలుగు పరీక్షలోకి నోటిని తేవడానికి అంత యుద్ధం జరిగింది. ఇంగ్లీషు పబ్లిక్ పరీక్షలో పిల్లల నోటికి ఇవాళ్టికీ చోటు లేదు.

మా కాలం పదో తరగతి గుర్తుందా? ఇంగ్లీషు మూడో భాష. రెండు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులు, 35 వస్తే పాస్. మా ఊరి హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పింది సోషల్ సారు. మంచాయన. ఒక వాక్యం చదివేవాడు, తెలుగులో అర్థం చెప్పేవాడు, తర్వాత ప్రశ్నలకి జవాబులు బోర్డు మీద రాసేవాడు. మేం బట్టీ కొట్టేవాళ్లం. సెలవు చీటీ లెటర్ నాకు ఇప్పటికీ నిద్రలో లేపినా వస్తుంది. జ్వరం తప్ప ఇంకో రోగం రాయడం మాలో ఎవరికీ రాదు. చివరి అరగంట బిట్ పేపరు. 35 దాటడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, గైడు ఉంటే చాలు. పాఠ్యపుస్తకం పేరేమో "అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్"! మన ప్రపంచమట.

యూనివర్సిటీకి వెళ్లాక తెలిసింది, ఆ 35కి బయట విలువ లేదని. అక్కడ కొలిచేది నోటిని. సెమినార్‌లో నోరు విప్పితే చాలు, ఎవరు ఏ బడి నుంచి వచ్చారో, అక్కడి నుంచి ఏ కులమో లెక్కగట్టేస్తారు. మెరిట్ అనే మాట అక్కడే పుడుతుంది.

మార్పులు రాలేదని కాదు. 2008లో సక్సెస్ స్కూళ్లు వచ్చాయి. తర్వాత సీసీఈ వచ్చింది, పరీక్షకి 80, బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కులు 20. పేపర్లో చదవని పేరాలు ఇవ్వడం, కథని సంభాషణగా రాయమనడం నిజంగా మంచి మార్పే. కానీ అంతా రాతే. ఆంధ్రలో 2019 నవంబరులో 81, 85 జీవోలు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేత, ఒక పక్క తెలుగు ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం. అన్నిటిలోనూ మీడియం గురించే మాట. ఒక్క 2023లో ఆంధ్ర ప్రభుత్వం టోఫెల్ శిక్షణ తెచ్చినప్పుడు, సర్కారు బడి పిల్లలు ఇంగ్లీషు విని అర్థం చేసుకోవడాన్ని ఒక పరీక్ష కొలిచింది. ఖర్చు మీద, విదేశీ సంస్థ మీద విమర్శలొచ్చాయి, కొన్ని నిజమే. ప్రభుత్వం మారింది, అదీ పోయింది. దాని స్థానంలో మనదే ఒకటి పెట్టొచ్చు కదా? పెట్టలేదు.

పదో తరగతిలో వినడానికీ మాట్లాడడానికీ మార్కులు పెట్టమని నేనంటే, మనవాళ్లే ఒక మాట అడ్డం వేశారు. "వైవాలో మన పిల్లల పేరు, ఊరు, రంగు చూసి మార్కులు కోస్తారు" అని. ఇది ఉత్త భయం కాదు. ఇంటర్వ్యూ మార్కులతో మనల్ని ఎలా పక్కన పెట్టారో మనకి తెలుసు. అందుకే ఎదురుగా కూర్చోబెట్టి అడిగే పరీక్ష నాకూ వద్దు. పిల్లల గొంతు రికార్డు చేయాలి, పేరు తీసేసి కోడ్ నంబరు వేయాలి, వేరే జిల్లాలో దిద్దించాలి. యాసకి మార్కు కోయకూడదు, అర్థమైతే మార్కు వేయాలి. పదో తరగతి జవాబు పత్రాలకి కోడ్ వేసి వేరే జిల్లాకి పంపడం ఇప్పుడు జరుగుతున్నదే. కాగితానికి చేసేది గొంతుకి ఎందుకు చేయలేరో విద్యాశాఖ చెప్పాలి.

(వచ్చే భాగంలో: హిందీకి 20 వస్తే పాస్ ఎందుకు?)