బ్యాటరీ కారు నేలగా మారిన వైనం

విద్యుత్ కారు ఒంట్లో బ్యాటరీ కలిసిపోయిన చరిత్రను ఈమధ్య చాలామంది 2020 సెప్టెంబరుతో మొదలుపెడుతున్నారు. బ్యాటరీనే నిర్మాణంలో భాగం చేస్తే కారు బరువు 10 శాతం, విడిభాగాలు 370 తగ్గుతాయని టెస్లా ప్రకటించింది అప్పుడే. దాంతో ఇదంతా బరువు తగ్గించే తపనలోంచి పుట్టిందన్న మాట స్థిరపడింది. నాకా లెక్క కుదరడం లేదు.

తొలి దశలో చెప్పుకోదగ్గది తక్కువే. 1996 నాటి జనరల్ మోటార్స్ ఈవీ1లో అర టన్ను దాటిన సీసపు బ్యాటరీలను టీ ఆకారంలో కారు నడుమ అమర్చారు. 2010లో నిస్సాన్ లీఫ్ ప్యాక్‌ను సీట్ల కిందికి చేర్చి బోల్టులతో బిగించింది. అప్పటికింకా బ్యాటరీ ప్రధానంగా మోయాల్సిన సరుకే.

అసలు మలుపు 2011లో వచ్చింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఆ మే నెలలో విస్కాన్సిన్‌లో షెవ్రొలే వోల్ట్‌ను పక్కవాటుగా స్తంభానికి గుద్దించి చూసింది. మూడు వారాల తర్వాత, ఊరకే నిలిపి ఉంచిన ఆ కారు అంటుకుంది. గుద్దుడుకు ప్యాక్ చీలి, కూలెంట్ కారడమే అందుకు మూలం. 2012 జనవరిలో కంపెనీ చూపిన విరుగుడు గమనించదగ్గది. సెల్స్ జోలికి పోకుండా, దెబ్బ ఒక్కచోటే పడకుండా ప్యాక్ చుట్టూ ఉక్కును బలపరిచింది. బ్యాటరీ క్షేమం కారు చట్రం బాధ్యత అని ఒప్పుకున్నట్టే. 2013లో రోడ్డు మీది ఇనుప వస్తువులు అడుగున తగిలి రెండు టెస్లా మోడల్ ఎస్ కార్లు కాలిపోయాయి. మరుసటి మార్చికల్లా వాటి కింద టైటానియం కవచం వెలిసింది.

మోడల్ ఎస్ 2012లోనే బల్లపరుపు ప్యాక్‌తో నేలను గట్టిపరచుకుంది కదా అనవచ్చు. నిజమే, కనుక మంటల భయమే ఏకైక కారణమని అనను. అయితే 2020లో బీవైడీ తెచ్చిన బ్లేడ్ బ్యాటరీని చూడండి. అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. నికెల్ సెల్స్‌తో పోలిస్తే కిలోకు నిలవచేసే శక్తి తక్కువ. బరువే లక్ష్యమైతే ఈ దారి ఎవరు తొక్కుతారు? చౌక అన్నదీ ఉంది, కాదనను. కానీ అంత తేలిగ్గా మండని రసాయనం కాబట్టే సెల్స్‌ను గుంపులుగా పట్టి ఉంచే మాడ్యూల్ గోడలు తీసేసి, పొడవాటి సెల్స్‌నే దూలాలుగా పరిచే ధైర్యం వచ్చింది. 2022లో బీవైడీ సీల్ కారుకు ప్యాక్ మూతే నేల అయింది. బరువు తగ్గడం ఆ ధైర్యం వెంట వచ్చిన లాభం.

ఇప్పటి పరిస్థితి నాకు పూర్తిగా రుచించదు. టెక్సాస్‌లో తయారైన కొన్ని టెస్లా మోడల్ వై కార్లలో సెల్స్ మధ్య పాలియురథేన్ నురుగు పోసి గట్టిపరిచారు. ముందు సీట్లను ప్యాక్ మీదే బిగించారు. పనితనం ముచ్చటైనదే. మరి ఒక సెల్ చెడితే విప్పేదెలా? 2021లో షెవ్రొలే బోల్ట్ సెల్స్‌లో తయారీ లోపం తేలినప్పుడు పాత మాడ్యూల్స్ తీసి కొత్తవి వేయగలిగారు. అక్కడ బోల్టులు ఉన్నాయి, నురుగు లేదు.