కాంగోలో ఒరిగిన కెప్టెన్: స్మారకంలో కారణం ఎక్కడ?

రాయలసీమలో ఊరి పొలిమేరన కనిపించే వీరగల్లుల్లో చాలావాటిని చదవడానికి అక్షరాలు రానక్కర్లేదు. కింది వరసలో పోరు, దాని పక్కనే ఆవుల మంద. నడిమి వరసలో వీరుణ్ని చెరోవైపు పట్టుకుని పైకి తీసుకుపోయే అప్సరసలు. ఆపైన శివలింగం, సూర్యచంద్రులు. మనిషి పేరు ఏనాడో మరుగునపడినా అతను దేనికోసం చనిపోయాడో రాయి చెబుతూనే ఉంటుంది: మంద కోసం. పరాయి గడ్డమీద ప్రాణం విడిచిన సైనికుణ్ని స్వతంత్ర భారతం ఎలా గౌరవించిందో ఈ రాతి పక్కన పెట్టి చూడాలన్నది నా ప్రయత్నం. అందుకు తీసుకున్న ఉదాహరణ కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా.

సలారియా 1935 నవంబరు 29న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న షకర్‌గఢ్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసినవాడు. దేశ విభజనతో ఆ కుటుంబం గురుదాస్‌పూర్ జిల్లాకు తరలివచ్చింది. 1957లో సైన్యంలో అధికారిగా చేరిన సలారియా తరవాత ఒకటో గోర్ఖా రైఫిల్స్ మూడో బెటాలియన్‌కు మారాడు. 1961లో ఐక్యరాజ్యసమితి పిలుపుమీద ఆ దళం కాంగో వెళ్లింది.

కాంగో 1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం పొందింది. రెండు వారాలైనా గడవకముందే కటాంగా రాష్ట్రం విడిపోతున్నట్టు మొయిజ్ చోంబే ప్రకటించాడు. రాగి, కోబాల్టు, యురేనియం గనులున్న నేల అది. దాన్ని వదులుకోవడం బెల్జియం గనుల కంపెనీకి ఇష్టం లేదు. చోంబే బలగాలకు విదేశీ కిరాయి సైనికులు తోడయ్యారు. వాళ్లను తొలగించేందుకు అవసరమైతే బలం వాడవచ్చని 1961 నవంబరు 24న భద్రతామండలి తీర్మానించింది. ఆ తరవాత పదకొండు రోజులకు జరిగిందే సలారియా పోరాటం.

కటాంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో, అంటే నేటి లుబుంబాషిలో, సమితి దళాల రాకపోకలకు కీలకమైన ఒక కూడలిని కటాంగా బలగాలు దిగ్బంధించాయి. బెటాలియన్ ముందునుంచి దాడి చేస్తుంటే, విమానాశ్రయం వైపునుంచి వచ్చి శత్రువుల దారి మూసేయడం సలారియాకు అప్పగించిన పని. వెంట పదహారు మంది గోర్ఖాలు, రెండు సాయుధ వాహనాలు. కూడలికి ఇంకా సుమారు 1500 గజాల దూరం ఉండగా, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, కుడివైపు పొంచి ఉన్నవాళ్లు కాల్పులు మొదలుపెట్టారు. సుమారు 90 మంది, రెండు సాయుధ కార్లు. వాళ్లు కూడలి దగ్గరి బలగంతో కలిస్తే అసలు దాడే దెబ్బతింటుంది. సలారియా ఆగలేదు. రాకెట్ లాంచర్‌తో కార్లను దెబ్బతీసి, బాయ్‌నెట్లు, ఖుక్రీలు, గ్రెనేడ్లతో మీద పడ్డారు. మెడకు తూటాలు తగిలినా, నెత్తురోడి కూలిపోయేదాకా అతను పోరాడాడు. ఎదుటివాళ్లలో 40 మంది చనిపోయారు, మిగిలినవాళ్లు పారిపోయారు. సలారియాకు 26 నిండి అప్పటికి ఆరు రోజులే.

1962లో మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. సమితి శాంతిదళంలో పనిచేస్తూ ఆ పతకం పొందిన భారత సైనికుడు ఇతనొక్కడే. 1980లలో ఒక చమురు నౌకకు, 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లో ఒక దీవికి అతని పేరు పెట్టారు. న్యూఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో పరమవీర చక్ర గ్రహీతల సరసన అతని విగ్రహం ఉంది.

ఇవన్నీ తగిన గౌరవాలే. కానీ నౌకకూ దీవికీ పెట్టింది పేరు ఒక్కటే. మనం చెప్పుకునే కథలో ఖుక్రీ ఉంటుంది, 40 అనే అంకె ఉంటుంది, కటాంగా ఉండదు. ‘వీరమరణం’ అనే మన మాట ఎలా చనిపోయాడో చెప్పి ఆగిపోతుంది, దేనికోసమో చెప్పదు. పరమవీర చక్ర ప్రశంసాపత్రం మాత్రం ఆ సంగతి మరవలేదు. ఎలిజబెత్‌విల్‌లోని సమితి కార్యాలయం శత్రువుల ముట్టడిలో చిక్కకుండా ఆపింది ఆ దాడేనని అందులో ఉంది. అంటే, ఈ వీరగల్లుమీద చెక్కవలసిన మంద ఏదో ప్రభుత్వ కాగితంలోనే ఉంది. అది రాతిదాకా రాలేదు.

ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర కథ తిరగబడింది. మొదటి ప్రపంచయుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల లాన్సర్లకు గుర్తుగా నిలిపిన కంచు విగ్రహాలవి. సంస్థానానికి ఒక్కటి చొప్పున మూడు. ఏ ఒక్క సైనికుడి ముఖమూ కాదది. అయినా 2018లో ఆ కూడలి పేరుకు హైఫా నగరం పేరు చేరింది కనుక జోధ్‌పూర్, మైసూరు రౌతులు ఎక్కడ పోరాడారో దారిన పోయేవాడికి తెలుస్తుంది. మైసూరు రౌతుకు చోటు దక్కింది, పేరు దక్కలేదు. సలారియాకు పేరు దక్కింది, చోటు దక్కలేదు.

కాంగోలో 1960–64 మధ్య ప్రాణాలిచ్చిన భారత సైనికులు 39 మంది. వాళ్లు కాపాడింది మన సరిహద్దు కాదు, అప్పుడే పుట్టిన ఒక దేశం ముక్కలు కాకూడదన్న ప్రపంచ నిర్ణయాన్ని. 1963 జనవరిలో కటాంగా తిరిగి కాంగోలో కలిసింది. సలారియా పేరున్న ప్రతిచోటా, మన పాఠ్యపుస్తకాల్లోనూ, ఆ పేరు కింద అతను దేనికోసం చనిపోయాడో చెప్పే ఒక్క వాక్యం చేర్చాలి.