ఆటకు మర్యాద, మర్యాదకు నియమము

ఆట యనగానే పిల్లల వినోదమని కొందఱు, పెద్దల వ్యసనమని కొందఱు తలంతురు. చరిత్రను చూచినచో ఈ రెండు మాటలును చాలవని తెలియును. నలుగురు మిత్రులు ఒక పలక చుట్టును కూర్చుండి గవ్వలు వేయునపుడు, తమకు తెలియకయే ఒక చిన్న రాజ్యమును స్థాపించుచున్నారు. దానికి ఎల్లలు కలవు, చట్టము కలదు, శిక్ష కలదు. చట్టము సరిగా నున్నంతకాలము స్నేహము నిలుచును. అది చెడినచో ఆటతో పాటు స్నేహమును పోవును. మన దేశమున ఈ చట్టము ఎట్లు పెరిగినదో కొంచెము పరిశీలింతము.

ఋగ్వేదము పదవ మండలమున జూదరిని గూర్చిన సూక్త మొకటి కలదు. ఆ కాలమున తానికాయలే పాచికలు. ఆట వలన ఇల్లాలు దూరమైన వాని దుఃఖమును, చివరకు పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మను హితవును అందు చూడవచ్చును. హితవు కలదు గాని, నియమము లేదు. నియమమును కౌటిల్యుడు చెప్పెను. అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడను అధికారి కలడు. ఆట ఒక్కచోటనే సాగవలెను. వేఱొకచోట ఆడినవానికి పన్నెండు పణములు దండుగ. పాచికలు, గవ్వలు ఆ అధికారియే శుద్ధమైనవి చూచి యీయవలెను. గెలుపులో నూటికి ఐదు రాజునకు చెందును. కౌటిల్యుని చూపు బొక్కసము మీదను, దొంగలను కనిపెట్టుట మీదను ఉండెనే గాని ఆటగాండ్ర మైత్రి మీద కాదు. అయినను ఒక సత్యమును అతడు గుర్తించెను: పనిముట్టు నమ్మదగినది కానిచో ఆట ఆట కానేరదు.

ఇక నన్నయ పదునొకండవ శతాబ్దమున తెలుగు చేసిన సభాపర్వపు కథను తీసికొందము. ఆ జూదమును మనము శకుని మోసమని ఒక్క మాటతో ముగింతుము. కాని కథలోని వివాదము నియమములను గూర్చినది. పందెము ఒడ్డువాడు దుర్యోధనుడు, పాచికలు వేయువాడు శకుని. ఒకని బదులు మఱియొకడు ఆడుట తగదని ధర్మరాజు మొదటనే ఆక్షేపించెను. ఆక్షేపించియు ఆటకు కూర్చుండెను. తుదకు ద్రౌపది అడిగిన ప్రశ్నయు నియమ ప్రశ్నయే: తన్ను తాను ముందు ఓడినవానికి నన్ను ఒడ్డు హక్కు ఎక్కడిది? అంతటి సభలో వికర్ణుడు ఆమె పక్షమున పలికెను. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమనెను. ఆట మొదలుకాకముందు తేల్చుకొనవలసిన సంగతిని అంతయు ఓడిన పిమ్మట తేల్చుట ఎవరి తరము? ఎవరి తరపున ఎవరు ఆడవచ్చును, పందెము ఎంతవరకు, ఆపుమని చెప్పు అధికారము ఎవరిది – ఈ మూడును ఆ సభలో తేలలేదు. ఒక వంశము నశించుటకు అది యొక కారణమైనది.

మొగలుల కాలమున మఱియొక చిత్రము కనిపించును. అక్బరు కొలువులోని చౌపడ్ ఆటను అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వర్ణించెను. ఒక్కొక్కప్పుడు రెండువందల మందికి పైగా ఆడెడివారట. పదునాఱు ఆటలు ముగియక ఎవరును ఇంటికి పోరాదు. ఓపిక కోల్పోయి విసిగినవానికి దండన ఒక గిన్నెడు మద్యము త్రాగుట! నవ్వు పుట్టించు శిక్షయే గాని, అందొక తెలివి కలదు. ఓడిన వానిని కాదు, విసిగిన వానిని శిక్షించిరి. మనుష్యుల స్వభావమును ఆటలో తూచుటయు, సద్భావమును నేర్పుటయు చక్రవర్తి ఉద్దేశమని అబుల్ ఫజల్ వ్రాసెను.

రాజుల మాట అటుంచి మన యిండ్ల ఆటలను చూతము. పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు; పులికి దూకు బలము, మేకకు గుంపు బలము. వామనగుంటలలో ఇరువైపుల ఏడేసి గుంటలు, చింతపిక్కలు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలును వెల్లకిల పడిన చెమ్మా, బోరగిల పడిన అష్టా. వీనికి అచ్చువేసిన నిబంధనావళి లేదు. అవ్వ నోటినుండి మనుమరాలికి దక్కినవే. అందుచేత ఊరికొక తీరు, ఇంటికొక తీరు ఏర్పడినవి. ఎదిరి కాయను చంపనిదే లోపలి గడులలోనికి పోరాదని ఒక యింట, పోవచ్చునని మఱియొక యింట. గవ్వ ఒకటి మఱియొకదానిపై ఒరిగినచో మరల వేయవలెనా, కూడదా? చదరంగమునను ఇంతే. మన పాతపద్ధతిలో బంటు మొదటనైనను ఒక్క గడియే నడచును. అంతర్జాతీయ పద్ధతిలో తొలిసారి రెండు గడులు నడువవచ్చును. రెండును సరియైనవే. ఒకే బల్లపై రెండును కలిసినచో మాత్రము కలహము తప్పదు.

నెల్లూరు జిల్లాలోని బిట్రగుంటను దీనికి ఉదాహరణముగా తలచుకొనవచ్చును. మదరాసు–బెజవాడ రైలుమార్గముపై, ఆవిరి యంజనుల కాలమున, గొప్ప లోకో షెడ్డుతో వెలసిన ఊరది. డ్రైవర్లు, ఫైర్‌మెన్లు, గార్డులు అక్కడ దిగి, విశ్రమించి, మరల బండి యెక్కెడివారు. రైల్వే కాలనీలలోను, రన్నింగ్ రూములలోను పేక, క్యారమ్సు, చదరంగము వాడుకైన కాలక్షేపములు. అట్టిచోట ఆటగాండ్రు నిత్యము మాఱుచుందురు: ఒకడు తెలుగువాడు, ఒకడు తమిళుడు, ఒకడు ఆంగ్లో ఇండియను. ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. పైగా డ్యూటీకి పిలువవచ్చు కాల్ బాయ్ ఏ క్షణముననైనను వాకిట నిలువవచ్చును. చేతిలో ఎంత మంచి ముక్కలున్నను లేవవలసినదే. గెలుచుచున్నవాడు లేచినను, ఓడుచున్నవాడు లేచినను తప్పెన్న వీలులేదు. హస్తినాపురపు సభలో లేని సౌకర్యమది: ఆటను ఆపు అధికారము ఆటకు వెలుపల నుండెను.

మన న్యాయస్థానములును ఈ విషయమును విచారించినవి. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుచున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాక పోయెను. రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఉంచదగినవి యుంచి విడువదగినవి విడుచు నేర్పు అందు ప్రధానమనియు 1967లో తీర్పు చెప్పిరి. అయినను ఆట వలన ఇంటి యజమాని లాభము తీసినచో నేరము కావచ్చునని హెచ్చరించిరి. ఆట చేతిఫోనులోనికి వచ్చిన పిమ్మట సమస్య తిరిగి మొదలైనది. పందెపు ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశమును నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసెను. ఫోనులో ఎదుట కూర్చున్న మిత్రుడు లేడు. ఇక చాలునని చేయిపట్టువాడు లేడు. చట్టము ఆ లోటును కొంత తీర్పవచ్చును గాని, మిత్రుని స్థానమును పొందజాలదు.

కావున ఆదివారపు సాయంత్రము మన యింట నలుగురు కూడినపుడు పాటింపదగిన మర్యాదలు చరిత్రయే నేర్పుచున్నది. తొలి గవ్వ పడకముందే ఇంటి పద్ధతి యేదో అందఱును ఒప్పుకొనవలెను. ఆట నడుమ నియమము మార్చరాదు. సందేహము వచ్చినచో ఆ ఆటకు ఇంటివారి మాటయే తీర్పు, మార్పు తరువాతి ఆటకు. ముట్టిన కాయను కదపవలెను. వేసిన ముక్కను తిరిగి తీయరాదు. చూచువారు ఎత్తు చెప్పరాదు. క్రొత్తగా వచ్చినవానికి ఒక ఆట నేర్పుటకే విడువవలెను. ఎన్ని ఆటలో, ఎంత సేపో ముందే అనుకొనవలెను. పనిమీద లేచువానిని నిందింపరాదు. గెలిచినవాడు ఎగతాళి చేయరాదు, ఓడినవాడు పలకను తిరుగవేయరాదు.

ఇవి చిన్న మాటలు. కాని సమానులుగా కూర్చుండుట, ఒప్పుకొన్న మాటకు కట్టుబడుట, ఓటమిని సహించుట – ఇవి యింటిలో అలవడనిచో వీధిలో అలవడునా? పిల్లవాడు చట్టమును మొదట చదువునది గ్రంథమున కాదు, అష్టాచెమ్మా గడులలోనే.