మూలాధారానికి ఆధారం ఆచారం



యోగసాధనతో మూలాధార చక్రాన్ని సమస్థితికి తెచ్చుకోవాలనే ఆకాంక్ష నేడు ఎందరిలోనో కనిపిస్తున్నది. నాలుగు ఆసనాలు వేసి, కొంతసేపు ఊపిరి బిగబడితే ఆ పని నెరవేరుతుందని పలువురి నమ్మకం. మన పూర్వులు దీనిని ఎట్లు గ్రహించారో తెలుసుకొనుటకు దూరదేశాలకు పోనక్కరలేదు. 2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలుగా ఏర్పడిన ఈ సీమయే సాక్ష్యం పలుకుతున్నది.

మూలాధారం వెన్నెముక అడుగున నాలుగు దళాల పద్మమని, దాని తత్త్వం పృథివి అని, బీజం 'లం' అని తంత్రశాస్త్రం చెబుతున్నది. గణపతి నిత్యం అందు నెలకొని ఉంటాడని అథర్వశీర్షోపనిషత్తు కీర్తించింది. 1577లో పూర్ణానంద యతి రచించిన షట్చక్రనిరూపణం ఈ వివరాలను క్రమబద్ధంగా అందించింది. అంతకు ఎంతో పూర్వుడైన పతంజలి మహర్షి సూత్రాలలో మూలాధారం పేరే లేదు; అష్టాంగాలలో ఆయన మొదట నిలిపినవి యమ నియమాలు.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి (1199–1262) దీక్షాగురువు గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులు. ఆ మఠాచార్యులు అనుసరించిన శైవాగమాలలో సాధకునికి నాలుగు మెట్లు: చర్య, క్రియ, యోగం, జ్ఞానం. యోగం మూడవ మెట్టు! దైవసేవ, సదాచారం అలవడని వానికి అది అందదు.

జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు వినగానే బసవపురాణ కర్త పాల్కురికి సోమనాథుడు స్మరణకు వస్తాడు. ఆయన సేవించిన వీరశైవంలోని షట్స్థల సిద్ధాంతం ఆరు చక్రాలలో ఆరు లింగాలను భావింపజేస్తుంది. పృథివీ తత్త్వమైన ఆధారచక్రంలో ఉన్నది ఏ లింగం? ఆచారలింగం. అక్కడి స్థలం భక్తస్థలం. అనగా మూలం నిలకడ చెందుట అంటే నడవడి నిలకడ చెందుటయే. మహబూబాబాద్ జిల్లా కురవిలో వీరభద్రస్వామిని కొలిచే భక్తులు మరువరాని మాట ఇది.

పాలకుర్తికి చేరువనే బమ్మెర ఉన్నది. 15వ శతాబ్దిలో పోతన మహాకవి తెనిగించిన భాగవతం ద్వితీయ స్కంధంలో శుకమహర్షి పరీక్షిత్తుకు యోగమార్గం బోధిస్తాడు. యోగి మడమతో మూలస్థానాన్ని అదిమి, ప్రాణవాయువును ఒక్కొక్క స్థానం దాటించి పైకి నడపాలి. అయితే ఆ బోధ ఎవరికి? ఏడు దినాలలో దేహం విడువనున్న రాజుకు! అంతకు ముందే ఆసనాన్ని, శ్వాసను, సంగాన్ని, ఇంద్రియాలను జయించాలని మహర్షి నియమం పెట్టాడు. ఇంచుమించు ఆ శతాబ్దిలోనే స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో మూలబంధాన్ని వివరించాడు. ఇవి గురుముఖతః అభ్యసించవలసిన విద్యలు. రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు ఊపిరి బిగబట్టే సాధనకు స్వయంగా పూనుకొనరాదు.

మరి గృహస్థుడు చేయదగినదేమి? సుఖాసనంలో వెన్ను నిటారుగా నిలిపి, శ్వాసను బలవంతపెట్టక, గణపతిని ధ్యానించుట. ఆపైన సత్యం, అహింస, పరుల సొమ్ము ఆశింపకుండుట. ఇవి లేని ఆసనం శరీరానికి వ్యాయామమే గాని మూలాధారానికి బలం కాదు.

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు. భక్తులు ముందుగా కాళేశ్వరునిగా వెలసిన యముని అర్చించి, పిదప ముక్తీశ్వరుని సేవిస్తారు. యోగంలోనూ క్రమం అదే: ముందు యమం, పిదప ముక్తి. ఆ క్రమం తప్పని భక్తుని మూలాధారం భూమివలె స్థిరంగా ఉండుగాక!

స్వస్తి.