సమాధి కుండలు, చైనా పింగాణీ, ఆవకాయ జాడీలు: నల్లగొండ, పాలమూరు సీమల్లో పాత పాత్రల సేకరణ

నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల మెట్టభూముల్లో పాత మట్టిపాత్రలను పోగుచేసి పరిశీలించడం సమాధుల తవ్వకంతో మొదలైంది. ఊరి జనం రాకాసి గుళ్ళని పిలిచే బృహచ్ఛిలా సమాధుల్లో, అంటే చుట్టూ బండరాళ్ళను వలయంగా పేర్చి నడుమ అస్థికలనూ పాత్రలనూ ఇనుప పనిముట్లనూ ఉంచిన గోతుల్లో, నిజాం రైల్వే వైద్యాధికారి ఇ.హెచ్. హంట్ గత శతాబ్ది తొలి దశకాల్లో తవ్వకాలు జరిపాడు. భువనగిరి దగ్గరి రాయగిరి వాటిలో ఒకటి. హైదరాబాదు పురావస్తు సంఘ పత్రికలో 1916 ప్రాంతంలో ఈ సమాధుల గురించి రాసిన హంటే, నగరంలోని పాత చైనా పింగాణీ గురించీ రాశాడు. ఆ రెండు అభిరుచులూ ఆయనలో ఒకచోట కలిశాయి.

సమాధి పాత్రల్లో ముఖ్యమైనవి నలుపు–ఎరుపు కుండలు. పాత్రను బోర్లించి, లోపల పొట్టూ గడ్డీ కూరి కాల్చినప్పుడు గాలి సోకని లోపలి భాగమూ అంచూ నల్లబడి, గాలి తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. మెరుగుపూత లేకున్నా, నునుపురాయితో రుద్దడం వల్ల వీటికి నిగారింపు వచ్చింది. కొన్నిటి భుజాన మొనదేలిన పనిముట్టుతో గీసిన గీతలుంటాయి. హైదరాబాదు పురావస్తు శాఖకు తొలి సంచాలకుడైన గులాం యజ్దానీ 1917లోనే వీటిని చర్చించాడు గాని, అవి కుమ్మరి గుర్తులో, కుటుంబపు గుర్తులో నేటికీ తేలలేదు.

పింగాణీ కథ వేరు. చైనా పాత్రల మీది నీలం కోబాల్టు అనే లోహపు భస్మం నుంచి వస్తుంది. తక్కిన రంగులు చాలావరకు చెడిపోయే తీవ్రమైన వేడికి కూడా అది నిలుస్తుంది. అమెరికాలో న్యూయార్క్ కుమ్మరులు పద్దెనిమిదో శతాబ్దంలో బూడిదరంగు రాతిమట్టి (స్టోన్‌వేర్) జాడీల మీద పూలూ పిట్టలూ చిత్రించింది దీనితోనే. మండుతున్న ఆవంలోకి వాళ్ళు ఉప్పు చల్లితే, దాని ఆవిరి మట్టిలోని సిలికాతో కలిసి నారింజ తొక్కలా సన్నని గుంటలు పడ్డ గాజుపూతగా మారేది. ఇక హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ చైనా నీలి పాత్రలనూ విస్తారంగా సేకరించగా, ఆయన పేరిట మ్యూజియం 1951 డిసెంబరు 16న తెరుచుకుంది. తర్వాత పాలమూరు జిల్లాలో చేరిన కోస్గి కూడా ఆ వంశపు జాగీరే కనుక, ఆ పింగాణీ ఖరీదులో ఇక్కడి రైతు కట్టిన శిస్తుకూ భాగముందనడం అతిశయోక్తి కాదు.

స్థానిక కుండలు పెద్ద యెత్తున పురావస్తు శాఖ కొట్లకు చేరడానికి అభిరుచి కాదు, ఆనకట్టలు కారణం. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగాక, ముంపుకు గురయ్యే కృష్ణ ఎడమగట్టు గ్రామమైన ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ నేతృత్వాన రాష్ట్ర పురావస్తు శాఖ హడావుడిగా తవ్వకాలు చేపట్టి, బృహచ్ఛిలా యుగపు పాత్రలను వెలికితీసింది. శ్రీశైలం ప్రాజెక్టు పాలమూరు వైపున ఇదే పరిస్థితి తెచ్చినప్పుడు చిన్నమారూరు, పెద్దమారూరుల్లో తవ్వారు. నీళ్ళు రాని ఊళ్ళలో మాత్రం ఎన్నో సమాధులు క్వారీలకూ దున్నకాలకూ పోయాయి.

ఇంట్లో వాడిన పాత్రలను ఇంత శ్రద్ధగా ఎవరూ పోగుచేయలేదు. ఊరి కుమ్మరి చేసిన గురిగి, పటువ, కాగు, పెళ్ళికి సున్నంతో, జాజుతో ముగ్గులు వేసే ఐరేని కుండలు, పగిలితే పెంటకుప్పకే. ఆ కుండల్లో పచ్చడి పెడితే నూనె చెమర్చి, ఉప్పు గోడలోకి ఊరి పెచ్చులూడేది. అందుకే మెడదాకా గోధుమరంగు, కింద మీగడరంగు పూత ఉన్న రాతిమట్టి జాడీలను బయటి కార్ఖానాల నుంచి కొనితెచ్చుకున్నారు. అమెరికా జాడీల్లో కొన్నిటి మీద కుమ్మరి పేరూ ఊరూ అచ్చొత్తి ఉండడం సేకర్తలకు ఆధారమైతే, ఇక్కడి జాడీల్లో చాలావాటికి అడుగున ఏ ముద్రా ఉండదు. 1972 నాటి పురావస్తు చట్టం మామూలుగా నూరేళ్ళు నిండిన వస్తువులనే పురావస్తువులుగా లెక్కించి, వాటి వ్యాపారానికి లైసెన్సు కోరుతుంది. ఆ వయసు రాని జాడీలు పాతసామాన్ల దుకాణాల్లో చేతులు మారుతూ, ఏ ఊరివో ఏ ఇంటివో నమోదు కాకుండానే హోటళ్ళ అలంకరణకు పోతున్నాయి.