సత్యం కంపెనీ లెక్కలు – ఒక గుమాస్తా ఆలోచన

2008వ సంవత్సరాన్ని మా శంషాబాద్ వాళ్ళం మరిచిపోలేము. ఆ ఏడాది మార్చి 23న ఇక్కడి కొత్త విమానాశ్రయం నుంచి రాకపోకలు మొదలయ్యాయి. నేనూ ఆ ఏడాదే ట్రెజరీలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరై, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఊళ్ళో ఎవరిని అడిగినా ప్లాటు కొనమనేవారు. మా అబ్బాయి మాత్రం టీవీలో విశ్లేషకుల మాటలు విని షేర్లు కొందాం నాన్నా అనేవాడు.

ఆ మాటల్లో సత్యం కంప్యూటర్స్ పేరు వినిపిస్తే మనవాళ్ళదని గర్వంగా ఉండేది. 1987లో మన దగ్గర పుట్టి, 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కి, 50 వేల మందికి పైగా ఉద్యోగులున్న సంస్థ అది.

2008 డిసెంబరు 16న ఆ కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఛైర్మన్ రామలింగరాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను, మొత్తం 160 కోట్ల డాలర్లకు కొంటామన్నది. సాఫ్ట్‌వేరు కంపెనీకి భూములు, కాంట్రాక్టులు ఎందుకని విశ్లేషకులు, మదుపుదారులు గట్టిగా నిలదీశారు. అమెరికాలో షేరు సగానికి పైగా పడిపోయింది. ఒక్క రాత్రిలోనే కంపెనీ వెనక్కి తగ్గింది.

వారు అడిగింది న్యాయమే. అయితే ఆ డబ్బు దేనికి ఖర్చు పెడుతున్నారన్నదే గొడవంతా. అసలు ఆ డబ్బు ఉందా అన్న ప్రశ్న పైకి రాలేదు.

జవాబు 2009 జనవరి 7న రాజు గారి లేఖలో వచ్చింది. 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేనివే! ఆ మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభం చూపించారు, వచ్చింది 61 కోట్లు. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు నింపడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలని ఆయనే ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40 రూపాయల దగ్గరికి జారింది.

నాకు మా ట్రెజరీ గుర్తుకొచ్చింది. ఒకసారి బ్యాంకు స్క్రోలుకూ మా పుస్తకానికీ 18 రూపాయల తేడా వస్తే సూపరింటెండెంటు గారు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎవరినీ ఇంటికి పంపలేదు. మన పుస్తకం మనం రాసుకున్నదే, అవతలివాడి కాగితంతో కలిస్తేనే అది లెక్క అనేవారు. సత్యం విషయంలో తప్పింది సరిగ్గా ఇదే. బ్యాంకుల నుంచి ఆడిటర్లు నేరుగా తెప్పించుకోవలసిన ధ్రువీకరణలను, పంపడం మొదలు తెప్పించడం దాకా, కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో తేల్చింది. ఆ పునాది మీదే విశ్లేషకులు మేడలు కట్టారు.

ప్రభుత్వం కొత్త బోర్డును వేసింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని గెలుచుకుంది, 2013లో తనలో కలుపుకుంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజు గారితో సహా పది మందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. అప్పీలుపై దాని అమలు ఆగింది.

నా సొమ్ము పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో వేశాను. అది తెలివి కాదు, భయం. పెన్షనర్ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఎంత పెద్దవారు చెప్పిన అంకె అయినా, అది ఎవరి కాగితం మీద ఉందో ముందు అడగండి. నేను ఇప్పటికీ పెన్షన్ పడగానే బ్యాంకుకు వెళ్ళి పాస్‌బుక్కు అచ్చు వేయించుకొస్తాను. ఫోన్లోనే కనిపిస్తుంది కదా తాతయ్యా అని మనవడు నవ్వుతాడు. నవ్వనీ!